ముద్ద దిగని నాడు

అన్నవాహిక క్యాన్సరునకు కత్తితోను కిరణములతోను జరుగు చికిత్సను గూర్చి

రాగి సంగటిని నమలి తినుట చిత్తూరు సీమ వాడుక కాదు. వేడి ముద్దను వ్రేళ్లతో త్రుంచి, గుండ్రముగా చేసి, ఊరుబిండిలోనో పులగూరలోనో అద్ది, పంటికి తగులనీయక మ్రింగివేయుటయే పలమనేరు మొదలుకొని కుప్పము వఱకును, పుంగనూరు మొదలుకొని చంద్రగిరి వఱకును పల్లెటి ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న రీతి. కావున గొంతునకు దిగువను, ఎదురురొమ్ము వెనుకను, ఆహారము పోవు త్రోవలో ఏ మాత్రము ఇఱుకు ఏర్పడినను, మెత్తని అన్నము నమలి తినువారి కంటె సంగటి మ్రింగువారికి ఆ సంగతి ముందుగా తెలియవలసినదే. తెలియుచున్నది కూడ, కాని తెలిసిన వెంటనే వారు చేయు పని వైద్యుని యొద్దకు పోవుట కాదు, భోజనమును మార్చుకొనుట. సంగటి దిగకున్న అన్నము, అన్నము దిగకున్న చారుతో పిసికిన మెతుకులు, అవియు అడ్డుపడినచో అంబలి, తుదకు పలుచని మజ్జిగ. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడెల్ల “వేడి చేసినది” అనియో “గ్యాసు పట్టినది” అనియో ఒక సమాధానము ఇంటిలోనే దొరకును. ఒక్కొక్క మెట్టు మీద కొన్ని వారములు గడచిపోవును.

ఇందులో రోగి తప్పిదము కంటె ఆ అవయవము యొక్క ఓర్పే ఎక్కువ. ఆరోగ్యవంతుని అన్నవాహిక రెండు సెంటీమీటర్లకు పైగా విప్పారి ముద్దకు త్రోవ ఇయ్యగలదు. ఆ వెడల్పు 13 మిల్లీమీటర్లకు లోబడు వఱకును గట్టి ఆహారము అడ్డుపడుచున్నట్లు సామాన్యముగా తోచనే తోచదు. అనగా మొదటి ముద్ద నిలిచిన దినమునకే లోపల గడ్డ చాల కాలముగా పెరుగుచున్నదని అర్థము. ఈ వ్యాధికి నేడు శస్త్రచికిత్స, రేడియేషను, వాటికి తోడు కీమో ఔషధములు కలవు. మన తిరుపతిలోనే కలవు. అవి రోగమును మాన్పుటకు ఉపయోగపడునా, లేక బాధను తగ్గించుటకు మాత్రమే పనికివచ్చునా అను విషయమును, ఆసుపత్రిలోని యంత్రముల కంటె మిన్నగా, ఇంటిలో గడచిన ఆ వారములు నిర్ణయించుచున్నవి.

ఆ త్రోవ ఎట్టిది

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల కండర నాళము. మెడలో మొదలై, శ్వాసనాళమునకు వెనుకను వెన్నెముకకు ముందును సాగి, మహాధమని ప్రక్కగాను హృదయము వెనుకగాను నడచి, రొమ్మునకును కడుపునకును నడుమ నున్న పొరలోని రంధ్రము గుండ దిగి జీర్ణాశయమును చేరును. ప్రేవులను కప్పి యుండునట్టి పలుచని పైపొర దీని మీద లేదు. దీని గోడలోని సూక్ష్మమైన శోషరస నాళములు నిలువునను పైకిని క్రిందికిని వ్యాపించి యుండును. ఈ రెండు లక్షణముల వలన, ఇచ్చట పుట్టిన క్యాన్సరు చుట్టుప్రక్కలకు పాకుటకును, దూరముగా మెడలోని గ్రంథులకో కడుపులోని గ్రంథులకో చేరుటకును ఎక్కువ కాలము పట్టదు. మర్మస్థానముల నడుమ ఇమిడియున్న నాళము గావున దానిపై కత్తి పెట్టుటయు, కిరణములు ప్రసరింపజేయుటయు రెండును సాహసకార్యములే.

ఈ క్యాన్సరులో ప్రధానముగా రెండు జాతులు కలవు. నాళపు లోపలి పూత యందలి చదునైన కణములలో పుట్టునది స్క్వామస్ జాతి. జీర్ణాశయమునకు దాపున, ఆమ్లరసము పలుమార్లు పైకెగయుటచే మార్పుచెందిన పూతలో పుట్టునది అడినోకార్సినోమా. స్థూలకాయము పెరిగిన పాశ్చాత్య దేశములలో రెండవది హెచ్చినది. మన దేశమున నేటికిని మొదటిదే అధికము. బీడీ, సిగరెట్టు, నమలు పొగాకు, సారా దీనికి ముఖ్య కారణములు. పొగయు మద్యమును ఒకే మనిషిలో కలిసినప్పుడు ముప్పు కూడికగా గాక గుణకారముగా పెరుగును. వక్క క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ ప్రకటించి రెండు దశాబ్దములు దాటినది. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో ఏ పానీయమును త్రాగినను అన్నవాహికకు హాని కలుగవచ్చునని ఆ సంస్థయే 2016లో తెలిపినది. పొగలు గ్రక్కు కాఫీని ఊదుకొనుచు త్రాగుటను గొప్పగా చెప్పుకొనువారును, భోజనానంతరము వక్కాకు లేనిదే లేవనివారును ఈ మాటను గమనింపవలెను. 2022వ సంవత్సరమునకు వేసిన అంచనాల ప్రకారము ప్రపంచమున సుమారు 5 లక్షల 11 వేల మందికి ఈ వ్యాధి క్రొత్తగా సోకినది. అందులో మన దేశస్థులు దాదాపు 70 వేల మంది.

ముందు నిర్ణయము, పిదప చికిత్స

మ్రింగుటకు కష్టమైనప్పుడు మొదట చేయదగిన పరీక్ష ఎండోస్కోపీ. వాడుకలో కెమెరా పరీక్ష. వ్రేలి లావు మించని గొట్టమును నోటి గుండ లోనికి పంపి, వైద్యుడు పూతను కంటితో చూచి, అనుమానము గల చోట నువ్వుగింజంత ముక్కను తీసి పరీక్షకు పంపును. కొద్ది నిమిషముల పని. ఆ ముక్కలో క్యాన్సరు కనబడిన పిమ్మట, అది ఎంత లోతునకు పోయినదో, ఏ గ్రంథులకు చేరినదో, ఊపిరితిత్తులకును కాలేయమునకును వ్యాపించినదో లేదో తెలిసికొనుటకు సీటీ స్కాను, అవసరమైనచో పెట్ స్కాను, ఎండోస్కోపుతోనే చేయు అల్ట్రాసౌండును జరుపుదురు. గొంతు మొదలుకొని రొమ్ము మధ్య వఱకు గల గడ్డ శ్వాసనాళమును అంటినదా అని వేఱొక సన్నని కెమెరాతో చూచుటయు కలదు. ఇన్ని పరీక్షలు ఏల అని విసుగుకొనరాదు. ఏలయనగా ఈ వ్యాధిలో చికిత్స యొక్క వరుస యంతయు దశను బట్టియే యుండును.

ఒక తరము వెనుక ఈ పరీక్షలకును చికిత్సలకును మన ప్రాంతీయులు చెన్నపట్టణమునకో వేలూరునకో పోవలసి వచ్చెడిది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పూనికతో 1954లో ఆరంభమైన అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూటును, చిత్తూరునకు గంట ప్రయాణములో నున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రియును ఈ సీమ రోగులకు చిరకాలము దిక్కైనవి. నేటికిని చిత్తూరు వైపువారు అనేకులు వేలూరునే దగ్గఱగా భావింతురు. తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల వెలసినది. దానికి అనుబంధముగా రుయా ఆసుపత్రి పేదల పాలిటి పెద్దాసుపత్రియైనది. 1986లో ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు శంకుస్థాపన చేయగా, తిరుమల తిరుపతి దేవస్థానముల పోషణలో 1993 నుండి పనిచేయుచున్న స్విమ్స్ ఆసుపత్రిలో క్యాన్సరు శస్త్రచికిత్సకును రేడియేషనునకును వేర్వేఱు విభాగములు ఏర్పడినవి. దేవస్థానము ఇచ్చిన స్థలములో టాటా ట్రస్టుల ఆధ్వర్యమున, అలమేలు ధర్మసంస్థ పేర, 2018 ఆగస్టు 31న పునాది పడి 2022 మే 5న ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు చికిత్సా పరిశోధన సంస్థ వీటికి తోడైనది. ఇట్లు దూరమను అడ్డంకి చాల మట్టుకు తొలగిపోయినది.

కత్తి

అన్నవాహికను కోసి తీయుట శస్త్రవిద్యలో కడపటగా లొంగిన దుర్గములలో నొకటి. రొమ్ము తెఱచినంతనే ఊపిరితిత్తులు ముడుచుకొనిపోవుట యొక విఘ్నము. తీసిన భాగమునకు బదులేమి అనునది రెండవది. 1913లో న్యూయార్కునందు ఫ్రాంజ్ టోరెక్ అను వైద్యుడు 67 ఏండ్ల స్త్రీకి రొమ్ములోని అన్నవాహికను తొలగించి, మెడ వద్ద మిగిలిన కొసను పొట్టకు చేసిన రంధ్రముతో శరీరము వెలుపల నొక రబ్బరు గొట్టముచే కలిపెను. ఆమె ఆ గొట్టముతోనే పన్నెండేండ్లకు పైగా జీవించినది. జీర్ణాశయమునే పైకి లాగి, అన్నవాహికకు బదులుగా కుట్టవచ్చునని జపానులో ఓసావా 1933లో చూపెను. కడుపును కుడి రొమ్మును తెఱచి రెండంచెలుగా చేయు పద్ధతిని ఐవర్ లూయిస్ 1946లోను, దానికి మెడలోని కోతను చేర్చిన మూడంచెల పద్ధతిని మెకోన్ 1976లోను, రొమ్ము తెఱవకయే మెడ నుండియు కడుపు నుండియు చేయు పద్ధతిని ఆరింజర్ 1978లోను ప్రచారమునకు తెచ్చిరి. నేడు జరుగు శస్త్రచికిత్సలన్నియు వీటి సంతతియే. పెద్ద కోతలకు మాఱుగా చిన్న రంధ్రముల గుండ కెమెరా సహాయమున చేయు పద్ధతిలో మన ఇరుగుపొరుగువారి పాలును గలదు: కోయంబత్తూరు వైద్యుడు సి. పళనివేలును ఆయన బృందమును రోగిని బోర్ల పరుండబెట్టి 130 మందికి చేసిన శస్త్రచికిత్సల ఫలితములను 2006లో ప్రకటించిరి.

ఆ గదిలో జరుగునది ఇట్టిది. మొదట కడుపులో ప్రవేశించి, జీర్ణాశయమునకు రక్తము నిచ్చు నాళములలో అనేకములను కట్టివేసి, కుడివైపున దాని క్రింది అంచు వెంబడి పోవు ఒక్క ధమనిని మాత్రము ప్రాణప్రదముగా కాపాడుదురు. ఏలయనగా ఇకమీదట ఆ అవయవము బ్రతుకు అంతయు ఆ ఒక్క నాళము మీదనే. పిదప జీర్ణాశయమును నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు గల గొట్టముగా కత్తిరించి కుట్టి, రొమ్ములోని అన్నవాహికను గడ్డతోను చుట్టునున్న గ్రంథులతోను కూడ తొలగించి, ఆ గొట్టమును పైకి తెచ్చి రొమ్ములోనో మెడలోనో మిగిలిన కొసతో కలుపుదురు. కొన్ని గంటల పని. ఆ అతుకు మానుటకు కొంత వ్యవధి కావలెను గనుక, అంతవఱకు చిన్నప్రేవులో అమర్చిన సన్నని పైపు గుండ ఆహారము పంపుదురు. అతుకు కారుట, న్యుమోనియా, కంఠధ్వనికి ఆధారమైన నరము దెబ్బతిని గొంతు బొంగురుపోవుట ఇందలి ముఖ్యమైన ప్రమాదములు. కావుననే ఇట్టి శస్త్రచికిత్సలను తఱచుగా చేయు చోటనే చేయించుకొనుట మేలని లోకమంతటి అనుభవము.

ప్రమాదమును తగ్గించు పని కొంత రోగి చేతిలోనే యున్నది. శస్త్రచికిత్సకు కొన్ని వారముల ముందే పొగ మానవలెను. తూకము తగ్గినవారు పైపు ద్వారానైనను బలము పుంజుకొనవలెను. వార్డులో మంచము ప్రక్కన మూడు చిన్న బంతులు గల ప్లాస్టిక్ పరికరమొకటి కనబడును; దాని గొట్టమును నోట పెట్టుకొని, నిండుగా ఊపిరి పీల్చి, బంతులను పైకి లేపి నిలుపవలెను. చూచుటకు పిల్లల ఆటవస్తువువలె నుండు ఆ పరికరముతో పూటపూటకును సాధన చేసినవారి ఊపిరితిత్తులు శస్త్రచికిత్సానంతరము కఫము పేరుకొనకుండ తేఱుకొనును. ఇంటికి పోయిన పిమ్మట మూడు పూటల భోజనము ఆఱేడు చిన్న పూటలుగా మారును. తినిన వెంటనే పరుండరాదు. రాత్రివేళ తలవైపు ఎత్తుగా నుంచుకొనవలెను. తీపి ఎక్కువైనచో గుండె దడ, చెమట, నీరసము కలుగవచ్చును.

కిరణము

రేడియేషనును మన పల్లెలలో “కరెంటు పెట్టుట” యందురు. ఆ మాట వినినంతనే షాకు కొట్టునేమో యని భయపడువారు కలరు. విద్యుత్తు దేహమును తాకదు. లీనియర్ యాక్సిలరేటరు అను యంత్రము పుట్టించు తీక్ష్ణమైన ఎక్స్ కిరణములు, ఫోటో తీయించుకొనినప్పటివలె, నొప్పి లేక దేహములోనికి పోయి, క్యాన్సరు కణముల విభజన శక్తిని చెఱచును. మొదటి దినమున రోగిని చికిత్స పొందవలసిన భంగిమలోనే పరుండబెట్టి సీటీ స్కాను తీసి, చర్మము మీద చుక్కలు గుర్తించుదురు. వైద్యుడును భౌతికశాస్త్రజ్ఞుడును కంప్యూటరులో గడ్డకు తగినంత మోతాదు చేరునట్లును, వెన్నుపామునకును గుండెకును ఊపిరితిత్తులకును మితిమీఱకుండునట్లును లెక్క కట్టుదురు. పిదప వారమునకు అయిదు దినములు, దినమునకు కొన్ని నిమిషములు, గోడల నుండి ప్రసరించు వెలుగు గీతలను చర్మము మీది చుక్కలతో సరిచూచి చికిత్స జరుపుదురు. రోగి గదిలో ఒంటరిగా నుండును. వెలుపలి వారు తెర మీద అతనిని చూచుచునే యుందురు.

శస్త్రచికిత్సకు ముందు ఇచ్చు మోతాదు సామాన్యముగా 23 దఫాలలో 41.4 గ్రే (గ్రే యనునది కిరణముల మోతాదునకు కొలమానము), శస్త్రచికిత్స లేక రేడియేషనుతోనే మాన్పదలచినచో 25 లేక 28 దఫాలలో 50 గ్రే ప్రాంతము. రెండు మూడు వారములు గడచిన పిమ్మట మ్రింగునప్పుడు మంట పుట్టును. రోగము ముదిరినదని తలచి మానివేయువారు అప్పుడే ఎక్కువ. అది చికిత్స వలన పూత ఒఱసికొనుట. మందులతో తగ్గును, చికిత్స ముగిసిన కొన్ని వారములకు మానును. చల్లార్చిన రాగిజావ, కారము లేని పెరుగన్నము, ఉడికిన గ్రుడ్డు ఆ దినములలో హితవు. రొమ్మునకు ఇచ్చిన కిరణముల వలన తలవెండ్రుకలు రాలవు. కీమో ఔషధములలో కొన్నిటి వలన రాలును, మరల వచ్చును. ఇంతకును బోడితలను ఎవరును తేఱిపాఱ చూడని ఊరు భూలోకమున నున్నదన్న అది తిరుపతియే.

గడ్డకు అతి సమీపమునకు రేడియేషను మూలమును తీసికొనిపోవు బ్రాకీథెరపీ అను మఱొక మార్గము కలదు. కృష్ణా జిల్లాలో పుట్టి, కర్నూలు వైద్య కళాశాలలో చదివి, న్యూయార్కులో ఆ విద్యను పెంపొందించి, 2015లో పద్మశ్రీ పొందిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు ఈ రంగమున తెలుగువారికి పేరు తెచ్చిన వైద్యుడు. అన్నవాహికలో ఈ పద్ధతి ముఖ్యముగా వ్యాధి ముదిరినవారికి మ్రింగుటను సుకరము చేయుటకై యుపయోగపడుచున్నది.

రెండును కలిసిన చోట

కత్తి గొప్పదా, కిరణము గొప్పదా అని అడుగువారు కలరు. గత నలుబదేండ్ల పరిశోధన ఆ ప్రశ్ననే మార్చివేసినది. అమెరికాలో జరిగి 1992లో ప్రకటితమైన యొక పరిశోధనలో, రేడియేషను మాత్రమే 64 గ్రే పొందినవారిలో అయిదేండ్లు జీవించినవారు లేరు. 50 గ్రేతో పాటు కీమో పొందినవారిలో నూటికి 26 మంది జీవించిరి. మోతాదు తగ్గినను తోడు దొరికినందున ఫలితము పెరిగినది. నెదర్లాండ్సులో జరిగి 2012లో వెలువడిన క్రాస్ పరిశోధన మఱొక అడుగు ముందుకు వేసినది. నేరుగా శస్త్రచికిత్స చేయించుకొనినవారి మధ్యస్థ జీవితకాలము 24 నెలలు కాగా, అయిదు వారములు రేడియేషనును కీమోను పొంది, పిదప శస్త్రచికిత్స చేయించుకొనినవారికి అది 49 నెలలకు పెరిగినది. మన దేశమున అధికముగా కనబడు స్క్వామస్ జాతిలో లాభము ఇంకను మిక్కుటము: అట్టివారిలో దాదాపు సగము మందికి, తీసిన అన్నవాహికను సూక్ష్మదర్శినితో వెదకినను క్యాన్సరు కణమొక్కటియు దొరకలేదు.

దొరకనప్పుడు కోయుట యేల అను ప్రశ్న సహజముగా పుట్టును. కణములు పూర్తిగా పోయినవో లేదో కోయకముందు నిశ్చయముగా తెలియుట కష్టము. ఐనను, కొన్ని నెలలకొకసారి ఎండోస్కోపీతోను స్కానులతోను కనిపెట్టుచు, మరల కనబడినప్పుడు మాత్రమే శస్త్రచికిత్స చేయు మార్గమును ఐరోపా వైద్యులు పరీక్షించి ఆశాజనకమైన ఫలితములు చూపిరి. మెడభాగములోని క్యాన్సరునకు, స్వరపేటికను తీయవలసి వచ్చును గనుక, శస్త్రచికిత్స కంటె రేడియేషను కీమోలనే ముందుగా ఎంచుకొందురు. అడినోకార్సినోమాలో మాత్రము, శస్త్రచికిత్సకు ముందును వెనుకను గట్టి కీమో నిచ్చు పద్ధతి క్రాస్ పద్ధతిని మించినదని 2024లో జర్మనీ పరిశోధన తేల్చినది. పూతను దాటని అతి చిన్న గడ్డనైతే కోత యేదియు లేక ఎండోస్కోపుతోనే తీసివేయవచ్చును. వ్యాధి దూరావయవములకు వ్యాపించినప్పుడు, త్రోవను తెఱచు లోహపు స్టెంటు, బ్రాకీథెరపీ, కీమో మున్నగునవి రోగికి నోటితో తినగల భాగ్యమును కొంతకాలమైనను తిరిగి ఇచ్చును. ఇట్లు ఒకే వ్యాధికి అయిదాఱు త్రోవలు. ఏ త్రోవ యనునది దశయు, స్థానమును, జాతియు, రోగి బలమును చూచి, శస్త్రవైద్యుడు, రేడియేషను వైద్యుడు, కీమో వైద్యుడు కలిసి కూర్చుండి నిర్ణయింపవలసినది.

ఇంటివారి పాలు

ఖర్చును తలచి వెనుదీయువారికి ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలువబడుచున్న ప్రభుత్వ పథకములో క్యాన్సరు శస్త్రచికిత్స, రేడియేషను, కీమో మూడును చేరియున్నవి. స్విమ్స్‌లో పేదరోగులకై దేవస్థానము వారి బాలాజీ ఆరోగ్య వరప్రసాదిని పథకమును కలదు. డబ్బు కంటె తఱచుగా చికిత్సను చెఱచునది నడుమ నడుమ మానివేయుట. చెనిక్కాయ పెఱుకు దినములని, ఊరి జాతర యని, తోడు వచ్చువారు లేరని రేడియేషనును వారము పది దినములు నిలిపినచో, ఆ విరామములో మిగిలిన కణములు వేగముగా పెరుగును. స్క్వామస్ జాతిలో ఈ దోషము మఱింత స్పష్టము. మోతాదు పూర్తియైనను కాలము సాగినందున ఫలితము తగ్గును. కావున చికిత్స ఆరంభింపకముందే ఆ అయిదాఱు వారములకు బస యెక్కడ, తోడెవరు, ఇంటి పనులు ఎవరు చూతురు అను నిర్ణయములు కుటుంబమంతయు కూర్చుండి చేసికొనవలెను.

మఱియొక అడ్డంకి నమ్మకమునకు సంబంధించినది. “కత్తి తగిలినచో క్యాన్సరు పాకిపోవును” అను మాట మన ఊళ్లలో విననివారు అరుదు. దానికి మూలము లేకపోలేదు: గంజి కూడ దిగని స్థితిలో, ఎముకల గూడై ఆసుపత్రికి చేరినవారికి ఏ చికిత్స చేసినను ఎక్కువ కాలము నిలువకపోవుటను ఊరివారు చూచిరి, చికిత్సకు ముందరి ఆలస్యమును లెక్కింపక చికిత్సనే దోషిగా నిలిపిరి. ఆ భయముచే తరువాతివాడు ఇంకను ఆలసించును. అతని చావు ఆ భయమును ఇంకను బలపఱచును. ఈ చక్రమును వైద్యుల ఉపన్యాసములు త్రెంచలేవు. మ్రింగుటలో రెండు వారములకు మించిన కష్టము నిలిచినప్పుడే కెమెరా పరీక్ష చేయించుకొని, చికిత్సను నడుమ వదలక ముగించి, మరల పొలము పనికి పోవు మనిషి ఊరికొక్కడున్నను, రచ్చబండ మీద అతని మాటకు గల విలువ ఏ ప్రచారపత్రమునకును లేదు. అట్టివారి సంఖ్య పెరుగుటకు కావలసిన యంత్రములును వైద్యులును నేడు తిరుపతిలో ఉన్నారు. మొదటి అడుగు మాత్రము రోగి ఇంటి గడప నుండియే పడవలెను.